మడత వద్దన్నవాడు

తాత్కాలికం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఎండాకాలం మొదట్లో మా బడి గేటుకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టి, డాబా మీద తుపాకులు నిలబెట్టి, ఊరి మొత్తానికీ ఉన్న ఒక్క హైస్కూలునీ క్యాంపు చేసుకున్నప్పుడు చెప్పిన మాట అది. తాత్కాలికమేనమ్మా, బడి తెరిచే వేళకి ఖాళీ చేస్తాం, అన్నారు. బడి తెరవాల్సిన రోజు వచ్చింది, పోయింది. బస్తాల వరసలు పెరిగాయి తప్ప ఒక్క బస్తా తగ్గలేదు.

మాది కుట్టుపని ఇల్లు. అమ్మ కత్తిరిస్తుంది, నేను కుడతాను, తమ్ముడు కాజాలు తీసి బొత్తాలు వేస్తాడు. వేసినంతసేపూ సణుగుతాడు. ఏడాదంతా జాకెట్లతో, దిండు గలీబులతో నెట్టుకొచ్చినా మా ఇంటికి అసలు పంట యూనిఫాముల రోజులే. ఎండలు ముదిరాక మొదలై వానలు పడేలోపు ముగిసే ఆ కొద్ది వారాల్లో ఊళ్ళో పిల్లలందరూ మా కొట్టు గుమ్మంలో చేతులు చాచి నిలబడేవాళ్ళు. బూడిదరంగు ప్యాంటు, తెల్ల చొక్కా. ఏ పిల్లాడి నడుమెంతో కన్నతల్లికన్నా మా అమ్మకే బాగా తెలుసని వీధిలో నవ్వుకునేవాళ్ళు.

బడి ప్యాంటు కుట్టడానికి ఒక పద్ధతి ఉంది. కాలి చివర నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి, లోపలికి మడిచి కుడతాం. పిల్లాడు సాగేకొద్దీ ఆ మడత విప్పి మళ్ళీ కుడుతూ పోతాం. విప్పినచోట పాత గీత తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది, ఎంత ఉతికినా పోదు. పెద్దవాళ్ళ ప్యాంట్లకి ఆ గొడవ లేదు. పిల్లల ప్యాంటు మడత లేకుండా కుట్టడమంటే మాత్రం మా అమ్మకి పాపం చేసినట్టే. చిన్నప్పుడు నేను ఒకటి రెండు వేళ్ళు వదిలి ఊరుకుంటే నెత్తిన మొట్టి, "పెరగని పిల్లలుంటారటే? నాలుగు వదులు," అనేది.

ఆ ఏడు తెప్పించిన బూడిదరంగు తాను కొట్టు మూలన విప్పకుండా అలాగే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే అమ్మ దాని మీద దుమ్ము దులిపేది, దులుపుతూ బడిని ఆక్రమించుకున్నవాళ్ళ వంశాలన్నీ తిట్టేది.

తిట్టి ఊరుకోలేదు. లెక్కల టీచరమ్మ తల్లులందర్నీ వెంటబెట్టుకుని కాళ్ళరిగేలా తిప్పింది. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. లెక్క తప్పు చేసినవాణ్ణి చూసినట్టే లోకాన్నంతటినీ చూసేది. విద్యాశాఖ ఆఫీసుకి వెళ్తే, అది భద్రతకు సంబంధించిన విషయమమ్మా, మా చేతుల్లో ఏమీ లేదు, అన్నారు. క్యాంపు దగ్గరికి వెళ్తే, గదులు మాకు అప్పజెప్పింది విద్యాశాఖవాళ్ళే, వాళ్ళనే అడగండి, అన్నారు. రెండు చోట్లా కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ఆ మర్యాద చూస్తే కడుపు ఇంకా మండింది. మేం గేటు దగ్గర నిలబడి ఉండగానే లోపలి నుంచి పొగ వచ్చింది. మామూలు కట్టెల పొగ కాదు, రంగు మాడిన వాసన. టీచరమ్మ ముక్కు ఎగబీల్చి, "బెంచీలు," అంది.

ఆ రోజే నేనొకటి చూశాను. కాపలావాళ్ళ చొక్కాల మీద కుడివైపు జేబు పైన పేరు పట్టీ ఉండాలి. ఏ ఒక్కడికీ లేదు. ఊడిపోయినవి కావు, విప్పేసినవి. చుట్టూ సూది బెజ్జాలు వరసగా కనిపిస్తున్నాయి, లోపలి గుడ్డ రంగు వెలవకుండా కొత్తగా ఉంది. కుట్టేదాన్ని కదా, నాకు తెలియదా. పేరు ఉండాల్సినచోట పేరు విప్పి పారేసుకున్నవాడు ఏదో చెయ్యడానికే సిద్ధపడి ఉన్నాడని నాకు అప్పుడే అనిపించింది.

అనిపించినట్టే అయింది. టీచరమ్మ మా వీధి చివర పాత గోడౌను వరండాలో పాఠాలు మొదలుపెడతానంది. నల్లబల్ల ఒక్కటీ దొరికితే చాలంది. బళ్ళో వెనక గదిలో ఒక పాతబల్ల పడి ఉందని మా తమ్ముడికి తెలుసు. వాడూ, రొట్టెల పిన్ని కొడుకూ కలిసి పట్టపగలు గోడ దూకి వెళ్ళారు. రొట్టెల పిన్ని అంటే మా పక్కకొట్టు ఆవిడ, రొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఆవిడ కొడుకుని ఊరంతా పొడుగోడు అనేది. ఏడాదికి రెండుసార్లు వాడి ప్యాంటు మడత విప్పాల్సి వచ్చేది, విప్పినప్పుడల్లా అమ్మ వాణ్ణి, "నువ్వు తినేదంతా కాళ్ళలోకే పోతోందిరా," అని ఏడిపించేది. ఇద్దరూ చివరి తరగతికి వెళ్ళాల్సినవాళ్ళు.

నల్లబల్ల మోసుకొస్తుంటే పట్టుకున్నారు. సొంత బళ్ళో నల్లబల్లకి దొంగలయ్యారు. ఎక్కడ పెట్టారో చెప్పలేదు, మాట్లాడనివ్వలేదు. వారం పైన గడిచాక ఒక మధ్యాహ్నం ఇద్దర్నీ గేటు బయటికి తోసేశారు. తమ్ముడు నడిచి ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడే అన్నం తిన్నాడు. అమ్మ చొక్కా ఎత్తి వీపు చూసి, మళ్ళీ దించి, వంటింట్లోకి వెళ్ళి పంపు విప్పి పెట్టుకుంది. ఏడుపు వినపడకుండా ఉండాలని.

మర్నాడు నేనూ అమ్మా పోలీసు స్టేషనుకి వెళ్ళాం. బల్ల వెనక కూర్చున్నాయన అంతా విని, "కొట్టినవాడి పేరేంటి?" అన్నాడు.

"పేరు పట్టీలు లేవు," అన్నాను.

"పేరు లేకుండా ఎవరి మీదమ్మా ఫిర్యాదు రాసుకునేది?"

"విప్పేసుకున్నారు సార్. బెజ్జాలు నేను చూశాను."

ఆయన నవ్వాడు. బెజ్జాల మీద కేసు పెట్టడం కుదరదన్నాడు. కుర్రాడు క్షేమంగా వచ్చాడు కదా, సంతోషించి ఇంటికి పొండి, అన్నాడు. పక్కనున్నవాడు కూడా నవ్వాడు. అమ్మ వాళ్ళిద్దర్నీ కొలత తీసుకుంటున్నట్టు కిందినుంచి పైదాకా చూసి, నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో మేం చేసిందేమిటంటే, తమ్ముణ్ణి మర్చిపొమ్మన్నాం. వీధిలోకి పోవద్దన్నాం, ఎవరితోనూ మాట్లాడొద్దన్నాం. భయంతో అన్నాం. తమ్ముడు నిలబడే కాజాలు తీసేవాడు, సణగడం మానేశాడు.

మా వీధిలో ఫోన్లు బాగుచేసే కొట్టు ఒకటి ఆ ఎండాకాలమే పెట్టారు. ఆ కొట్టాయన ఎప్పుడూ గొంతెత్తడు, ఆడవాళ్ళతో మాట్లాడితే నేలచూపులు చూస్తాడు. అందుకని అందరూ మెత్తనాయన అనేవాళ్ళు. బడి లేని పిల్లలందరూ సాయంత్రాలు ఆ కొట్టు దగ్గరే చేరేవాళ్ళు. తమ్ముడూ పోవడం మొదలుపెట్టాడు. వచ్చాక ముఖం కాస్త తేరుకున్నట్టు ఉండేది. "పోన్లే, ఎవరో ఒకరితో నోరు విప్పుతున్నాడు," అంది అమ్మ. నాకూ మెత్తనాయన మీద మంచి అభిప్రాయమే ఉండేది. దాచుకోవడం ఎందుకు, ఆయన వీధిలో కనబడితే నమస్కారం పెట్టేదాన్ని.

వంతెన అవతలివాళ్ళ గురించి మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పేరు పెట్టి పిలవరు, అవతలివాళ్ళు అంటారు, అంతే. ఆ ఏడు వాళ్ళు రెండు బస్సులు తగలబెట్టారు, నీళ్ళ టాంకు కాపలా ముసలాయన్ని చంపారు. ఆ ముసలాయన ఎవరికేం ద్రోహం చేశాడో వాళ్ళే చెప్పాలి. వాళ్ళకోసమే క్యాంపు, క్యాంపు కోసమే మా బడి. క్యాంపు వచ్చాక అవతలివాళ్ళు తగ్గారా అంటే, అదీ లేదు.

వానలు రేపో మాపో అన్నట్టుగా ఉక్కపోస్తున్న రోజుల్లో మెత్తనాయన మా కొట్టుకి వచ్చాడు. ఒక చేతిలో ముదురాకుపచ్చ తాను, ఇంకో చేతిలో పాత బట్టల మూట.

"అక్కగారూ, కాస్త పెద్ద పని తెచ్చాను," అన్నాడు అమ్మతో. "రాళ్ళ క్వారీలో కొత్తగా కుర్రాళ్ళని తీసుకుంటున్నారు. వాళ్ళకి ప్యాంట్లు కావాలి. పక్కన పెద్ద జేబులు ఉండాలి, మోకాళ్ళ దగ్గర రెండు పొరలు వెయ్యాలి. ఆదికి తలా ఒక ప్యాంటు తెమ్మన్నాను, ఇవిగో."

ఆది అంటే మా పనిలో కొలతకి ఇచ్చే పాత బట్ట. మనిషి రాకపోయినా ఆది ఉంటే చాలు, దాన్ని పరిచి కత్తిరించేస్తాం. అమ్మ ముఖం చాలా రోజుల తర్వాత వెలిగింది. "దానిదేముంది నాయనా, వారంలో ఇచ్చేస్తాం," అంది.

"ఇంకో మాట అక్కగారూ. కాళ్ళకి మడతలు అక్కర్లేదు. గుడ్డ వృథా, పని వృథా. ఇప్పటికి సరిపోతే చాలు."

"అలాగే," అంది అమ్మ. క్వారీ పనివాళ్ళకి మడతలెందుకు, పెద్దవాళ్ళే కదా. ఆయన నేల చూస్తూనే వెళ్ళిపోయాడు.

మూట నేను విప్పాను. పైది బూడిదరంగు ప్యాంటు. దాని కిందదీ బూడిదరంగే. మొత్తం మూటంతా ఒకటే రంగు. ఒక్కోటీ తిరగేసి చూశాను. కాలి చివర మడతకి నేను వేసే కుట్టు నాకు తెలియకుండా పోతుందా? ప్రతి అయిదు కుట్లకీ ఒక చిన్న ముడి వేస్తాను, పిల్లలు గేటు ఎక్కి దూకినా ఊడకుండా. అన్ని ప్యాంట్లకీ ఆ ముళ్ళు ఉన్నాయి. మెత్తనాయన బయటివాడు. కుట్టినవాళ్ళకి తమ కుట్టు గుర్తుంటుందని ఆయనకి తెలియదు. ఊళ్ళో ఖాళీగా ఉన్న కొట్టు మాదే కాబట్టి మా దగ్గరికే తెచ్చాడు. పిల్లలకేమో ఒంటికి సరిగ్గా ఉన్నవి బడి ప్యాంట్లే, కొలతకి కావాలంటే అవే తెచ్చి ఇచ్చారు.

అడుగున ఉన్నదాని మోకాలికి లోపలినుంచి వేసిన అతుకు ఉంది. బయటికి కనబడకుండా, గళ్ళ గుడ్డతో. తమ్ముడు సైకిలు మీంచి పడ్డప్పుడు మా ఇంటి పాత దుప్పటి చింపి నేనే వేశాను.

దాన్ని తీసుకెళ్ళి అమ్మ ముందు బల్ల మీద పెట్టాను. అమ్మ ఆకుపచ్చ గుడ్డ మీద సుద్దతో గీత గీస్తోంది. అతుకు చూసింది. గీత సగంలో ఆగిపోయింది.

తమ్ముడు వచ్చేసరికి ఇద్దరం అలాగే కూర్చుని ఉన్నాం. వాడు బల్ల మీద ప్యాంటు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎక్కడికిరా ప్రయాణం? వంతెన అవతలికేనా?" అన్నాను.

"నీకెందుకు."

"కుట్టేది నేను. నాక్కాక ఎవరికి?"

"అయితే కుట్టు. కుట్టి ఊరుకో," అన్నాడు. గడప దాటి లోపలికొచ్చాడు. "మెత్తనాయన అడిగాడక్కా. లోపల ఏం చేశార్రా నిన్ను, అని అడిగాడు. నేను చెప్పినంతసేపూ విన్నాడు, లేచి పోలేదు. మీరేమన్నారు? మర్చిపో అన్నారు. స్టేషనులో నవ్వారంట కదా, నువ్వే చెప్పావు. టీచరమ్మ అర్జీలు పెడుతూనే ఉంది. ఏమైంది? బెంచీలు పొయ్యిలో పెట్టుకుంటున్నారు. నన్నేం చెయ్యమంటారు? ఇక్కడ కూర్చుని కాజాలు తియ్యమంటారా?"

వాడు అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అందుకే వాణ్ణి లాగి ఒక్కటి ఇవ్వాలనిపించింది, వాణ్ణి కాదు, వాడి చేత ఆ మాటలు అనిపించినవాళ్ళందర్నీ.

అమ్మ మాత్రం గొంతు పెంచలేదు. "మడతలు వద్దన్నాడురా," అంది.

"ఏంటి?"

"మీ ప్యాంట్లకి మడతలు అక్కర్లేదన్నాడు. ఇప్పటికి సరిపోతే చాలన్నాడు."

వాడు కుట్టుకొట్టులో పుట్టి పెరిగినవాడు. నడక రాకముందే మిషను కింద కూర్చుని విప్పిన దారాలతో ఆడుకున్నాడు. పొడుగోడి మడతలు వాడే ఎన్నోసార్లు విప్పి ఇచ్చాడు. బల్ల మీదున్న తన ప్యాంటు అందుకుని కాలు తిరగేశాడు, మిగిలిన మడతని బొటనవేలితో తడిమాడు.

"ఆయన అలా అనుకుని అనుండడు," అన్నాడు.

"మరెలా అనుకుని అన్నాడో నువ్వే చెప్పు."

వాడు ప్యాంటు పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాడు. లోపలినుంచి వచ్చాక వాడు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

తెల్లారగానే ఆ మూటలో ప్యాంట్లన్నీ కొట్టు ముందు బట్టల తీగకి ఆరేశాను. కాళ్ళు పైకి, నడుము కిందికి, మడతల గీతలు కనబడేలాగా. మా కొట్టు పక్కనే వీధి కుళాయి. మంచినీళ్ళకి ఆడవాళ్ళందరూ అటే రావాలి.

మొదట తాపీమేస్త్రి భార్య వచ్చింది. బిందె దించి తీగ వైపు చూసి, "ఇదేంటే, మావాడి ప్యాంటు నీ దగ్గరుందా? నిన్నంతా ఇల్లు గాలించాను," అంది.

"మీవాడు ఇంట్లో ఉన్నాడా అత్తా?"

"పడుకున్నాడు. ఏం?"

"ముందు పోయి గుమ్మానికి అడ్డంగా కూర్చో. ఆ ప్యాంటు మెత్తనాయన తెచ్చిచ్చాడు, వంతెన అవతలికి పోవడానికి కొత్త ప్యాంటు కొలతకి. ఏ రంగు గుడ్డో చూడు." లోపల బల్ల మీదున్న ఆకుపచ్చ తాను చూపించాను. ఆవిడ బిందె కుళాయి కిందే వదిలేసి పరిగెత్తింది.

ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి కొడుకు గీతలు వాళ్ళు గుర్తుపట్టారు. ఒకావిడ ప్యాంటు పట్టుకుని ఒళ్ళో పెట్టుకుని మా మెట్ల మీదే కూలబడింది. ఇంకొకావిడ నా మీదికి వచ్చింది. ఊరందరి ముందూ మావాడి పరువు తీస్తావా, వాణ్ణి క్యాంపువాళ్ళకి పట్టిస్తావా, అని.

"పరువు తర్వాత ఉతుక్కుందువుగాని," అంది అమ్మ లోపలినుంచి. "ముందు పోయి పిల్లాణ్ణి చూసుకో."

ఎండెక్కేసరికి తీగ మీద ఒక్క ప్యాంటు మిగిలింది. అన్నిటికన్నా పొడుగుది. రొట్టెల పిన్ని ఇంట్లో లేదు. రోజూ ఆ వేళకి క్యాంపు వెనక గేటు దగ్గర ఉండేది. క్యాంపుకి రొట్టెలు వేసేది ఆవిడే. తన కొడుకు వీపు చితగ్గొట్టినవాళ్ళ కోసం పొయ్యి వెలిగించుకోవాల్సిన బతుకు ఆవిడది. లోపల బుట్టలు తనిఖీ చేసినంతసేపూ నిలబెట్టేవాళ్ళు. ఆ రోజు ఇంకాస్త ఎక్కువసేపే నిలబెట్టారు. నేనూ తమ్ముడూ పొడుగోడి కోసం పరిగెత్తాం. ఇంట్లో లేడు. ఫోన్ల కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది, తోస్తే తెరుచుకుంది. లోపల బల్ల మీద విప్పిన ఫోన్లు విప్పినట్టే ఉన్నాయి. తీగ మీద ప్యాంట్లు చూడగానే మెత్తనాయన ఉడాయించాడు. ఆ వేళకి కొట్టు దగ్గర దొరికింది పొడుగోడే, వాణ్ణి వెంటబెట్టుకుపోయాడు.

పిన్ని ఖాళీ బుట్టలతో వచ్చేసరికి మేం ముగ్గురం మెట్ల మీద నిలబడి ఉన్నాం. ఆవిడ తీగ వైపు చూసి, ప్యాంటు తీసి, మడత పెట్టి బుట్టలో వేసుకుంది.

ఆ సాయంత్రం తల్లులందరూ ప్యాంట్లు చేతిలో పట్టుకుని బడి గేటు ముందుకొచ్చి కూర్చున్నారు. ఎవరు ముందు అన్నారో నాకు తెలియదు, అందరికీ ఒకేసారి కోపం వచ్చింది, అంతే. క్యాంపు అధికారి బయటికి వచ్చాడు. గుంపుగా కూర్చోవడం నిషేధం అన్నాడు.

"మీరు అక్కడ ఉండటం నిషేధం," అంది టీచరమ్మ. "అది బడి."

"చూడండమ్మా, ఇది తాత్కాలిక..."

ఆ మాట పూర్తికాకముందే ఆడవాళ్ళు నవ్వారు. అలాంటి నవ్వు నేను మళ్ళీ వినలేదు, వినాలని కూడా లేదు. అమ్మ లేచి నిలబడింది.

"మీరు బడి తీసుకున్నారు, వాళ్ళు పిల్లల్ని తీసుకుంటున్నారు. వాళ్ళకి పిల్లలు దొరకడం లేదని మీరు కొట్టి మరీ పంపిస్తున్నారు. ఇద్దరూ మా ఇళ్ళ మీదే పడ్డారేంటి బాబూ? బడి ఇచ్చెయ్యండి. పిల్లల్ని కొట్టినవాళ్ళెవరో చెప్పండి. మేం అడిగేది ఈ రెండే."

అధికారి, వెనక నిలబడ్డ కుర్రాళ్ళ పేర్లు రాసుకోమని కాపలావాడికి చెప్పాడు. అప్పుడు మా తమ్ముడు ముందుకొచ్చాడు.

"నా పేరు మీ దగ్గర ఉంది కదా సార్, చాలాసార్లు అడిగారు," అన్నాడు. చెయ్యెత్తి కాపలావాడి జేబు పైన చూపించాడు. "మీ పేరేంటి?"

కాపలావాడు చేత్తో బెజ్జాలు కప్పుకున్నాడు. అమ్మే అంది, "పట్టీ ఊడిపోతే మా కొట్టుకి రండి. కుట్టిస్తాం."

మర్నాడూ కూర్చున్నాం. ఆ తర్వాతా కూర్చున్నాం. పిల్లలు ఖాళీగా ఉండకూడదని టీచరమ్మ ఎక్కడినుంచో ఒక తలుపు చెక్క తెప్పించి నల్లరంగు వేయించి, ఇసుక బస్తాలకే ఆనించి లెక్కలు మొదలుపెట్టింది. సుద్దముక్కలు లోపల ఉండిపోయాయి కాబట్టి మా కొట్టు సుద్ద వాడింది. తుపాకులవాళ్ళు డాబా మీదనుంచి పాఠం వినేవాళ్ళు. వాళ్ళలోనూ ఒకడికి మీసాలైనా సరిగ్గా రాలేదు. వాడూ ఏదో ఒక ఊరి బడి ప్యాంటు వేసుకుని పెరిగినవాడే అని తెలుసు, అయినా నాకు జాలి కలగలేదు. వాన మొదలయ్యాక కూడా మేం లేవలేదు. పత్రికలవాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు, అవి ఎక్కడెక్కడో అచ్చయ్యాయి. అప్పుడుగాని పైవాళ్ళకి మా ఊళ్ళో ఒక బడి ఉందని గుర్తు రాలేదు.

మానవ హక్కుల సంఘం నుంచి ఒకావిడ వచ్చింది. తమ్ముణ్ణి మా కొట్లో కూర్చోబెట్టి, లోపల ఏం జరిగిందో చెప్పమంది. వాడు చెప్పినంతసేపూ వింది, లేచి పోలేదు. ఆ ఒక్క పని అంతకుముందే స్టేషనులో ఆ బల్ల వెనకాయన చేసి ఉంటే ఏం పోయేది? విచారణ వేశారు. ఇంకా నడుస్తోందట. తమ్ముడు దానికి పిలిచినప్పుడల్లా వెళ్ళి, చెప్పిందే చెప్పి వస్తాడు. విసుక్కుంటాడు గానీ మానడు.

వానలు నిలకడగా పడుతున్నప్పుడు క్యాంపు ఖాళీ అయింది. గోడలు మసి పట్టి, కిటికీ తలుపులు లేకుండా, బెంచీలు సగం లేకుండా ఇచ్చారు. టీచరమ్మ చీర కొంగు నడుముకి బిగించి తనే చీపురు పట్టుకుంది. తల్లులూ అక్కలూ అందరం వారం రోజులు గోడలు తోమాం. తోముతూ తిట్టాం, అలుపు తెలియలేదు.

యూనిఫాముల పని మళ్ళీ మొదలైంది. మూలన ఉన్న తాను విప్పాను. తమ్ముడు గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డాడు. ఆరు వేళ్ళ మడత వదిలి సుద్ద గీత గీశాను.

"అంత ఎందుకే? నేనేమన్నా కొబ్బరిచెట్టునా?" అన్నాడు.

"నోర్మూసుకుని నిలబడు," అన్నాను. కళ్ళు కనబడక గీత వంకర పోయింది, చెరిపి మళ్ళీ గీశాను.

ఆ రోజు సాయంత్రమే రొట్టెల పిన్ని వచ్చింది. ఒళ్ళంతా పిండి, చేతిలో పొడుగోడి ప్యాంటు. ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది. అప్పటిదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. తీగ మీద ఆరేసింది నేనే కదా, ఆరెయ్యకపోతే వాడు ఆ రోజు పోయేవాడు కాదని ఆవిడ అనుకుంటోందేమో. అనుకుంటే కాదనలేను. రోజూ క్వారీ వైపునుంచి వచ్చే లారీలవాళ్ళని వాడి గురించి అడుగుతుందని విన్నాను.

"బడి తెరిచారు కదమ్మా," అంది. "వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి. ఈపాటికి ఇంకాస్త సాగి ఉంటాడు. మడత విప్పి పెట్టు."

కాలు తిరగేశాను. లోపల మడత లేదు. ఉన్నదంతా ఎప్పుడో నేనే విప్పేశాను, చివరి గీత కూడా అంచుకి వచ్చేసింది. ఆ మాట ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. తానులోంచి పట్టీ ఒకటి కత్తిరించి కింద అతికిద్దామని కత్తెర తీసుకున్నాను.

"ఎంత పెట్టమంటావు పిన్నీ?" అని అడిగాను. "ఎంతున్నాడు ఇప్పుడు?"

ఆవిడ చెయ్యి ఎత్తి తన తలకన్నా పైన పెట్టింది. అక్కడ కాదన్నట్టు ఇంకాస్త ఎత్తింది. మళ్ళీ కొంచెం దించింది. ఎక్కడ ఆపాలో తెలియక చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుని నిలబడింది. నేను కత్తెర పట్టుకుని ఎదురుచూశాను.